కంటిలో కణితి - దాని పుట్టుక ఏ కణంలో?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం బకాయిల మీద, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు మీద ఇంతకుముందు మాట్లాడిన మిత్రులు మీ మనసులోని మాటలే చెప్పారు. వారి తర్వాత నేను లేచి జీవకణాల గురించి మాట్లాడడం, విందుభోజనం కాగానే కషాయం పోసినట్లుంటుందని నాకు తెలుసు. కాని కార్యదర్శిగారి ఆజ్ఞ. "ఆరోగ్యం మీద చెప్పండి, బి.పి., షుగరు మాత్రం వద్దు, అవి అందరికీ ఉన్నవే" అన్నారు. కనుక ఎక్కువమందికి లేని జబ్బు గురించి చెబుతాను. సుమారు 36 వేల జననాలకు ఒక్కరిలో కనిపిస్తుంది. అయితే వచ్చిన ఇంట్లో అది ఒక్కరితో పోదు, తరతరాలూ వస్తుంది. దాన్ని వేళకు పట్టుకోవడానికి డాక్టరుకంటె ఇంట్లోని పెద్దవాళ్లకే ఎక్కువ అవకాశం ఉంది. అందుకే ఈ విషయం ఈ సభలోనే చెప్పాలనిపించింది.

కంటి లోపల వెనక గోడను అంటుకొని ఉండే పల్చని పొర రెటీనా. పాత కెమేరాకు ఫిల్ము ఎలాంటిదో కంటికి ఇది అలాంటిది. ఈ జబ్బు ఉన్నవారిలో రెటీనా అంచున ఎక్కడో ఒక ఎర్రని చుక్క మొదలవుతుంది. మొదట్లో ఆవగింజంత కూడా ఉండదు. నొప్పి లేదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. కొంతకాలానికి అది గుండ్రని ఎర్రబంతిలా తయారవుతుంది. దానికి రక్తం తెచ్చే ధమని ఒకటి, తీసుకుపోయే సిర ఒకటి, రెండూ లావెక్కి మెలికలు తిరిగి వానపాముల్లా కనిపిస్తాయి. ఆ బంతి నుంచి నీరూ కొవ్వూ ఊరి రెటీనాలోకి, దాని కిందికి చేరుతుంటాయి. మనం అక్షరాలు చదివేది రెటీనా నడిమి భాగంతో, దాన్ని మాక్యులా అంటారు. ఆ ఊట అక్కడికి చేరితే అక్షరాలు వంకరపోతాయి. ఇంకా ముదిరితే రెటీనా గోడ నుంచి ఊడివస్తుంది. చాలామంది అప్పుడుగాని ఆసుపత్రికి రారు. వయసు చూస్తే సగటున పాతికేళ్లు! మనకు శుక్లాలు వచ్చే వయసు కాదు, పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకొనే వయసు.

1894లో లండనులో ట్రెచర్ కాలిన్స్ అనే నేత్రవైద్యుడు ఒక అన్నాచెల్లెళ్ల కళ్లలో ఇలాంటి గడ్డలు చూసి రాశాడు. ఇద్దరు తోబుట్టువులకు రావడం యాదృచ్ఛికం కాదేమోనన్న అనుమానానికి అదే మొదలు. 1904లో జర్మనీలో యూజెన్ వాన్ హిప్పెల్ ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. ఆయన తండ్రి కూడా పేరున్న నేత్రవైద్యుడే. తర్వాత 1926లో స్వీడనులో ఆర్విడ్ లిండావ్ అనే పెథాలజిస్టు చిన్నమెదడులో వచ్చే కణితులను పరిశీలిస్తూ, కంటిలోని గడ్డా మెదడులోని గడ్డా ఒకే జబ్బు చేసే పనులని గుర్తించాడు. వారిద్దరి పేర్లూ కలిపి దీన్ని వాన్ హిప్పెల్ - లిండావ్ జబ్బు అంటారు. డాక్టర్లు పొడి అక్షరాలతో వి.హెచ్.ఎల్. అంటారు, నేనూ అలాగే అంటాను. కన్ను, చిన్నమెదడు, వెన్నుపాము, మూత్రపిండాలు, క్లోమం, అడ్రినల్ గ్రంథి, ఇన్నిచోట్ల ఇది గడ్డలు, నీటితిత్తులు పుట్టించగలదు. ఒక్కొక్క గడ్డకు ఒక్కొక్క డాక్టరు దగ్గరికి వెళ్తాం కనుక అన్నీ ఒకే చెట్టు కాయలని ఎవరికీ తోచకపోవచ్చు.

ఇక ప్రశ్నకు వస్తాను. ఆ ఎర్రబంతిలో అసలు కణితి ఏది?

పెథాలజీలో పనిచేసినవాణ్ణి కనుక స్లైడు మీద ఇది ఎలా ఉంటుందో చెబుతాను. చూడగానే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేవి రక్తకేశనాళికలు, సాలెగూడు అల్లినట్లు. వాటి సందుల్లో లేతరంగులో, నురుగు నింపినట్లుండే ఉబ్బిన కణాలు కొన్ని ఉంటాయి. వాటిని స్ట్రోమల్ కణాలంటారు. నాళాల గడ్డ కనుక నాళాలదే తప్పు అని చాలాకాలం అనుకొన్నారు. నురుగు కణాలను ఎవరో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా పక్కన పెట్టారు. 1928లో హార్వీ కుషింగ్, పెర్సివల్ బెయిలీ అనే అమెరికన్ వైద్యులు మెదడులోని ఈ గడ్డకు హీమాంజియోబ్లాస్టోమా అని పేరు పెట్టారు. హీమా అంటే రక్తం, ఆంజియో అంటే నాళం, బ్లాస్ట్ అంటే మొలక. ఈ పేరును గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1993లో ఈ జబ్బుకు కారణమైన జన్యువును మూడవ క్రోమోజోము మీద కనుగొన్నారు. మన ప్రతి కణంలో ఈ జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. సర్వీసు రిజిస్టరుకు డూప్లికేటు ఉన్నట్లన్నమాట. ఒకటి చెదలు పట్టినా రెండోది ఉంటే పని నడుస్తుంది. వి.హెచ్.ఎల్. కుటుంబాల్లో పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే ఒక ప్రతి పాడై ఉంటుంది. తర్వాత ఏదో ఒక కణంలో రెండోది కూడా పోతే ఆ కణం కణితికి మూలమవుతుంది. ఇలా రెండు దెబ్బలు పడాలన్న సంగతిని ఆల్ఫ్రెడ్ నుడ్సన్ 1971లోనే పిల్లల కంటి క్యాన్సరు విషయంలో చెప్పాడు.

ఇక్కడే ప్రశ్నకు జవాబు వెదికే దారి దొరికింది. రెండు ప్రతులూ పోయిన కణమేదో అదే దొంగ. అయితే గడ్డను మొత్తంగా నూరి పరీక్షిస్తే మంచి కణాలూ చెడ్డ కణాలూ కలిసిపోతాయి. 1990లలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో, మైక్రోస్కోపు కింద చూస్తూ స్లైడు మీద నుంచి కావలసిన కణాలను మాత్రమే ఏరి తీసే పద్ధతిని అభివృద్ధి చేశారు. బియ్యంలో రాళ్లు ఏరినట్లే, కాకపోతే ఆ రాయి మిల్లీమీటరులో వందో వంతు. దాంతో చి-చావో చాన్, అలెగ్జాండర్ వోర్ట్‌మెయర్ మొదలైనవారు రెటీనా గడ్డలో నాళాల గోడకణాలను వేరుగా, నురుగు కణాలను వేరుగా తీసి చూశారు. 1999లో ఫలితం ప్రచురించారు. జన్యువు పోయినది నురుగు కణాల్లో! నాళాల కణాల్లో అది చక్కగానే ఉంది. అంటే తొంభై ఏళ్లకు పైగా అందరూ నేరస్థుడనుకొన్నది, పిలిస్తే వచ్చిన పనివాణ్ణి.

మరి పిలిచిందెవరు, ఎలా? ఆఫీసు భాషలోనే చెబుతాను. ప్రతి కణంలోనూ ఆక్సిజను చాలడంలేదని పైకి ఇండెంటు పెట్టే ప్రోటీను ఒకటి ఎప్పుడూ తయారవుతుంటుంది. హెచ్.ఐ.ఎఫ్. అంటారు. ఆక్సిజను సరిపోయినంత ఉంటే వి.హెచ్.ఎల్. అనే గుమాస్తా ఆ ఇండెంటును అప్పటికప్పుడే చించి బుట్టలో వేయిస్తాడు. నిజంగా కొరత వచ్చిననాడు చించడు, ఇండెంటు పైకి పోతుంది, కొత్త నాళాలను రప్పించే వి.ఇ.జి.ఎఫ్. అనే పదార్థం, ఎర్రకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను తయారవుతాయి. ఆ గుమాస్తా సీటు ఖాళీ అయిపోతే? స్టోరు నిండా సరుకున్నా ఇండెంట్లు పోతూనే ఉంటాయి, పైపులైన్లు వేసేవాళ్లు వస్తూనే ఉంటారు. నురుగు కణం చుట్టూ అన్ని నాళాలు మూగడానికి కారణమిదే. ఆక్సిజను లెక్క కణం ఎలా చూసుకొంటుందో తేల్చినందుకు కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జా అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. వారిలో కెలిన్ ఈ వి.హెచ్.ఎల్. జబ్బు మీద పనిచేస్తూనే అక్కడికి చేరాడు.

నేరస్థుడు దొరికాడు సరే, వాడిది ఏ ఊరు? నురుగు కణం నాడీకణానికి చెందినదా, నాళానికి చెందినదా, మరొకటా అన్నది ఇంకా తేలలేదు. దీనికి ఆధారం చాలా పాత చోట దొరికింది. 1917 ప్రాంతంలో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫ్లారెన్స్ సేబిన్ అనే ఆచార్యురాలు పొదిగిన కోడిగుడ్డులోని పిండాన్ని బతికుండగానే మైక్రోస్కోపు కింద పెట్టి గంటల తరబడి కనిపెట్టి చూసేది. రక్తనాళాలూ రక్తకణాలూ వేరువేరు చోట్ల కాక, ఒకే కణాల గుంపు నుంచి పక్కపక్కనే పుట్టడం ఆమె గమనించింది. రక్తానికీ నాళానికీ ఉమ్మడి తల్లి అయిన ఆ పిండకణానికి తర్వాతివాళ్లు హీమాంజియోబ్లాస్ట్ అని పేరు పెట్టారు. ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను, మన సభ కనుక. ఈ సేబిన్ గారు 1938లో పదవీ విరమణ చేసి సొంత రాష్ట్రం కొలరాడో వెళ్లారు. డెబ్బై దాటాక గవర్నరు పిలిచి ఆరోగ్య కమిటీ అప్పగిస్తే, ముసలామె ఏం చేస్తుందిలే అనుకొన్నవాళ్లు ఆశ్చర్యపోయేలా ఊరూరా తిరిగి, 1947లో ఆ రాష్ట్ర ప్రజారోగ్య చట్టాలను మార్పించారు. ఆమె విగ్రహం వాషింగ్టనులో వాళ్ల పార్లమెంటు భవనంలో ఉంది.

సరే, ఆ పిండకణానికీ మన కంటి గడ్డకూ సంబంధమేమిటి? మెదడు, వెన్నుపాముల్లోని ఈ గడ్డల స్లైడుల్లో ఒక వింత చాలాకాలంగా కనిపిస్తూనే ఉంది. ఎముక మజ్జలో తయారు కావలసిన ఎర్రకణాలు కొన్ని గడ్డల్లోనే గుంపులుగా తయారవుతుంటాయి. రక్తం పుట్టించే శక్తి మామూలు నాళకణానికి లేదు, నాడీకణానికి అసలే లేదు. 2005లో కంటి గడ్డలో, 2006లో మెదడు గడ్డల్లో పరీక్షించినప్పుడు నురుగు కణాల మీద మూలకణాలకు, పిండంలోని హీమాంజియోబ్లాస్టులకు ఉండే గుర్తులే కనిపించాయి. పిండం ఎదిగేటప్పుడు పెద్దదై రక్తంగానో నాళంగానో మారిపోవలసిన కణం ఒకటి మారకుండా, ఎదగకుండా అక్కడే ఆగిపోయిందన్నమాట. కుషింగ్, బెయిలీ పెట్టిన పేరు వాళ్లు అనుకొన్నదానికంటె ఎక్కువగా సరిపోయింది.

2018లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలలో ఆ రకం పిండకణాల్లోనే వి.హెచ్.ఎల్. జన్యువును తీసేసి చూశారు. మూడింట రెండు వంతులకు దగ్గరగా ఎలుకల రెటీనాలో నాళాలు మెలికలు తిరిగాయి, ఊటలు వచ్చాయి, వాటి పక్కనే నురుగు కణాలూ కనిపించాయి. అంతకు ముందు ఏ జంతువులోనూ ఈ కంటి గడ్డను పుట్టించలేకపోయారు. నా అభిప్రాయంలో ఇది బలమైన సాక్ష్యం. అందరూ చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానమని మాత్రం చెప్పను.

ఈ జబ్బుతో మరణించినవారి నాడీమూలాల్లోనూ చిన్నమెదడులోనూ కంటికి కనిపించని ఇలాంటి కణాల గూళ్లు, కణితుల సంఖ్యకంటె చాలా ఎక్కువగా దొరికాయి. అంటే విత్తనాలు పుట్టుకకు ముందే పడి ఉంటాయి, వాటిలో కొన్నే మొలుస్తాయి, ఎప్పుడు మొలుస్తాయో తెలియదు. ఒకసారి పరీక్షలో కన్ను బాగుందన్నారు కదా అని ఊరుకోకూడదని చెప్పేది ఇందుకే.

ఇంత వివరం మనకెందుకు అనవచ్చు. మీలో చాలామంది షుగరు వల్ల గాని, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు వల్ల గాని కంట్లో ఇంజెక్షన్లు వేయించుకొన్నవారున్నారు. ఆ మందు వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకొంటుంది. షుగరులో రెటీనాకు నిజంగానే ఆక్సిజను కొరత వస్తుంది, ఇండెంటు నిజమైనదే. అక్కడ ఇంజెక్షను బాగా పనిచేస్తుంది. వి.హెచ్.ఎల్. గడ్డలో మాత్రం ఊట కొంత తగ్గుతుంది గాని గడ్డ సాధారణంగా తగ్గదు. నురుగు కణం కూర్చొని ఇండెంట్లు రాస్తూనే ఉంటే దారిలో లారీలను ఆపి ఏం లాభం? కనుక ఇప్పటికీ గడ్డ చిన్నదిగా, అంచున ఉన్నప్పుడే లేజరుతో కాల్చడం ముఖ్యమైన చికిత్స. మిల్లీమీటరున్నర లోపు గడ్డలకు ఇది చాలా బాగా పనిచేస్తుంది. కొంచెం పెద్దవైతే అతిశీతల చికిత్స. కంటి నరం మొదట్లోనే గడ్డ ఉంటే కాల్చబోయి చూపు పోగొట్టుకొనే ప్రమాదం ఉంది, అక్కడ డాక్టరు కూడా ఆలోచిస్తాడు.

ఇండెంటు రాసే చోటనే ఆపే మందు కూడా వచ్చింది. దాని పేరు బెల్జుటిఫాన్, మాత్ర. 2021 ఆగస్టులో అమెరికాలో వి.హెచ్.ఎల్. జబ్బులోని మూత్రపిండ, మెదడు - వెన్నుపాము, క్లోమ కణితులకు అనుమతించారు. ఆ అనుమతిలో కంటి పేరు లేదు గాని, అదే ఏడు ప్రచురించిన పరీక్షలో 12 మంది రోగుల 16 కళ్లలో గడ్డలుంటే అన్నింటిలోనూ మెరుగు కనిపించింది. ఎక్కువమందికి వచ్చిన ఇబ్బంది రక్తహీనత. ఎరిత్రోపోయిటిన్ కూడా ఆ ఇండెంటు మీద తయారయ్యేదే కదా, ఆశ్చర్యం లేదు. గర్భిణులు వాడకూడదు, బిడ్డకు ప్రమాదం.

ఇక మన వంతు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఆడ, మగ తేడా లేదు. ఇది మేనరికం వల్ల వచ్చేది కాదు, ఒక్కవైపు నుంచి వస్తే చాలు. అయిదుగురిలో ఒకరికి ఏ వైపు నుంచీ రాకుండా కొత్తగా కూడా పుడుతుంది. కనుక కోడలి వైపు నుంచి వచ్చిందనీ అల్లుడి వైపు నుంచి వచ్చిందనీ పంచాయితీలు పెట్టుకోవద్దు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని దాచే ఇళ్లున్నాయి. ఆ భయం నాకు అర్థం కాకపోలేదు. కాని దాచినందుకు వెల కట్టేది దాచినవాళ్లు కాదు, తర్వాత పుట్టిన పిల్లలు, ఒక్కొక్క కన్నుతో.

పెదనాన్న చిన్నతనంలోనే ఒక కన్ను ఎందుకు పోగొట్టుకొన్నాడు, మేనత్త నలభై దాటకుండా మెదడులో గడ్డతో పోయిందా, బాబాయికి మూత్రపిండంలో క్యాన్సరా, ఎవరికైనా పడుచు వయసులో ఉన్నట్టుండి బి.పి. ఎగసి చెమటలు పట్టి గుండె దడదడలాడేదా - ఈ సంగతులు మీ అబ్బాయికి తెలియవు, మనవడికి అసలు తెలియవు. కేస్‌షీటులో రాయవలసిన డాక్టరుకు ఎవరు చెబుతారు? మీరే. ఇలాంటివి కుటుంబంలో రెండు మూడు ఉంటే ఒక కాగితం మీద చుట్టరికంతో సహా రాసి, కంటి డాక్టరుకు చూపించండి. కళ్లజోళ్ల దుకాణంలో అక్షరాలు చదివించే పరీక్ష దీనికి పనికిరాదు. కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దది చేసి, రెటీనా అంచులదాకా చూడాలి. జబ్బు ఉన్న ఇంట్లో పిల్లలకు ఈ పరీక్ష ఏడాది నిండకముందే మొదలుపెట్టి కనీసం ఏటా చేయించాలి. పెరిగే కొద్దీ బి.పి. చూడడం, తర్వాత మెదడుకూ పొట్టకూ ఎం.ఆర్.ఐ. తీయించడం కూడా ఉంటాయి.

రక్తపరీక్షలో జన్యువును చూడవచ్చు. మొదట జబ్బు ఉన్నవారిలో దోషం ఎక్కడుందో తేల్చి, తర్వాత మిగతావారిలో ఆ ఒక్కచోటే చూస్తారు. ఆ దోషం రాలేదని తేలిన పిల్లవాడికి ఏటేటా ఈ పరీక్షలేవీ అక్కరలేదు, వాడి పిల్లలకూ అక్కరలేదు. చాలామంది జన్యుపరీక్ష అంటే చెడు కబురే అనుకొంటారు. ఇద్దరు పిల్లల్లో ఒకరికి అది విడుదల ఉత్తర్వు కావచ్చు.

ప్రసంగం అయిన తర్వాత ఒక సోదరి లేచి, "మా మనవరాలికి కనురెప్ప మీద ఎర్రగా ఉబ్బుగా ఉంది డాక్టరుగారూ, అదీ ఇదేనా?" అని అడిగారు. కాదమ్మా. నెలల పిల్లలకు కనురెప్ప మీదో బుగ్గ మీదో వచ్చే ఎర్రని ఉబ్బులో నాళాల గోడకణాలే పెరుగుతాయి, వంశపారంపర్యం సాధారణంగా కాదు. మొదటి ఏడు పెరిగి తర్వాత మెల్లగా తగ్గుతుంది. అయితే రెప్ప వాలిపోయి పాపను మూసేస్తుంటే ఆగకూడదు, ఆ కన్ను చూడడం నేర్చుకోకుండా పోతుంది. దానికి ప్రొప్రనొలాల్ పనిచేస్తుందని 2008లో ఫ్రాన్సులో అనుకోకుండా బయటపడింది. మనలో పాతవాళ్లు బి.పి.కి వేసుకొన్న మాత్రే, పిల్లల డాక్టరు పర్యవేక్షణలో ఇస్తారు. ఇక ముఖం మీద పుట్టుకతోనే ద్రాక్షరసం చిందినట్లు చదునుగా మచ్చ ఉంటే అది మూడో రకం. దాంతోపాటు కంటి వెనకపొరలో నాళాల గడ్డ ఉండవచ్చు. దాని మూలం జి.ఎన్.ఎ.క్యూ. అనే జన్యువులో, గర్భంలో ఉండగా ఒక్క కణంలో వచ్చిన మార్పు అని 2013లో తేలింది. తల్లిదండ్రుల నుంచి రాదు, పిల్లలకు పోదు. అలాంటి మచ్చ పై రెప్పదాకా ఉన్న బిడ్డకు కంటి ఒత్తిడి మాత్రం తప్పకుండా కొలిపించండి, నీటికాసులు వచ్చే అవకాశం ఉంది.